సగం ఉద్యోగం

లాండ్రీ షాపు కౌంటరు దగ్గర రోజంతా నిలబడే మనిషి కావాలన్నారు. అందరూ పిచ్చుక అని పిలిచే పిల్లకూ, ఆమె గదిలోనే ఉండే అక్కకూ కాలేజీ ఉంది. ఓనరమ్మను బతిమాలి ఒక్క ఉద్యోగాన్నే ఇద్దరూ పంచుకున్నారు. పొద్దున అక్క, మధ్యాహ్నం పిచ్చుక. పాఠాలూ అంతే, ఎవరు విన్న సగం వాళ్ళు రెండోవాళ్ళకు చెప్పుకునేవారు. మనిద్దరం కలిస్తే ఒక కాలేజీ పిల్ల, ఒక పనిపిల్ల అవుతాం అని అక్క నవ్వేది.

సొంత అక్క కాదు. ఒక ఏడాది తప్పి, పిచ్చుక క్లాసులోకి వచ్చిపడింది.

గది అద్దె నేనే కట్టుకుంటానని పంతం పడితేనే పిచ్చుకను వాళ్ళ నాన్న చదువుకు పంపాడు. ఈ పని పోతే చదువూ పోయినట్టే.

పిచ్చుక బ్యాచికి ప్రాక్టికల్ పరీక్ష మధ్యాహ్నం పడింది. నువ్వు నిశ్చింతగా వెళ్ళు, షాపు నేను చూసుకుంటానంది అక్క. పిచ్చుక పరీక్ష బాగా చేసి, సాయంత్రం పరుగున వచ్చింది. ఓనరమ్మ తలెత్తకుండానే సంగతి చెప్పింది. అక్క చదువు మానేస్తోందట. ఇక రోజంతా తనే ఉంటుందట. ఈ సగం సగం మనుషులతో ఓనరమ్మ కూడా వేగలేకపోతోందట.

“ముందే చెప్పొచ్చుగా అక్కా.”

“చెప్తే కౌంటరు వదిలేదానివా?” అక్క చొక్కా మడతపెడుతూనే ఉంది. “నీకు బుర్ర ఉందే. ఎక్కడైనా బతికేస్తావ్. నాది మళ్ళీ తప్పే మొహం.”

“మరి నా అద్దె?”

అక్క ఇంకో చొక్కా అందుకుంది. ఇంతలో ఒక పెద్దాయన తెల్ల చొక్కా ఇచ్చి వెళ్ళాడు. గడ్డం గీసుకుంటూ కోసుకున్నాడేమో, కాలరంతా రక్తం. మరకల సంగతి అక్క ఎప్పుడూ పిచ్చుకకే వదిలేసేది. ఇప్పుడు చొక్కాను అటూ ఇటూ తిప్పి, ఓనరమ్మకు వినపడకుండా అడిగింది.

“దీనికి వేడినీళ్ళా, చన్నీళ్ళా?”

రక్తానికి చన్నీళ్ళే. వేడినీళ్ళు తగిలితే ఆ మరక బిగుసుకుపోతుంది, ఇక వదిలించడం ఎవరి తరమూ కాదు. బట్ట పాడుచేసినవాళ్ళను ఓనరమ్మ ఆ పూటే పంపేస్తుంది. రెండూ పిచ్చుకకు తెలుసు.

“వేడినీళ్ళు,” అంది. “బాగా మరగనివ్వు.”

అక్క మొహం తేలికపడింది. “నీలాంటి మంచిపిల్ల ఇంకెవరుంటారే,” అంటూ చొక్కా పట్టుకుని లోపలికి వెళ్ళింది.

పిచ్చుక మెట్లు దిగింది. మంచిపిల్ల అన్న మాట వీధి మలుపుదాకా ముల్లులా గుచ్చుతూనే ఉంది. అయినా వెనక్కి తిరగలేదు.