మైనస్ మూడు మాంసకృత్తులు

నేను ఒక అట్టముక్కని. ఒక కొసన తెలుపు, ఇంకో కొసన కారునలుపు, మధ్యలో మెట్టుమెట్టుకీ ముదిరే బూడిదరంగు. చూడ్డానికి పెయింట్ల కొట్లో ఊరికే ఇచ్చే రంగుల కార్డులా ఉంటాను గానీ, నన్ను తయారుచేసినచోట ఒక్కో మెట్టు నలుపెంతో యంత్రంతో కొలిచి మరీ పంపారు.

నా ఉద్యోగం కాకినాడలో ఒక వరి పరిశోధనశాలలో. గింజల్లోంచి తీసిన మాంసకృత్తులు అక్కడ పల్చటి పొర మీద గీతలుగా పడతాయి. గీత ఎంత నల్లగా ఉంటే గింజలో అంత బలం. ఆ పొరని స్కానర్‌లో పెడితే కంప్యూటర్‌కి కనిపించేది చుక్కల గుంపు, చుక్కకో అంకె. సున్నా అంటే నలుపు, రెండువందల యాభై అయిదు అంటే తెలుపు. అంకె చూపించడం దానికి వచ్చు, అర్థం చెప్పడం రాదు. అందుకని పొర పక్కన నన్ను పెడతారు. ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం నా మెట్లతో పోల్చి, ఏ అంకెకి ఎంత నలుపో తేలుస్తుంది. పిల్ల ఎత్తు తెలియడానికి పెళ్లిచూపుల్లో పక్కన నిలబెట్టే వదినగారి లాంటిదాన్ని నేను.

నా పార్సిల్ విప్పింది ప్రొఫెసర్ సీతాపతి గారు. ఆయన ఇంట్లో టీవీ రిమోట్ ఇంకా కవర్లోనే ఉంది. కారు సీట్ల మీద ప్లాస్టిక్ ఏళ్లతరబడి ఎక్కినవాళ్లందరికీ చెమటలు పట్టిస్తోంది. నన్ను చూడగానే ఆయన మనసు కరిగిపోయింది. మాసిపోతానేమోనని, ఆ సాయంత్రమే రేషన్ కార్డుతోబాటు జిరాక్స్ కొట్టుకి తీసుకెళ్లి వేడివేడిగా లామినేషన్ చేయించేశారు. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. పాలు కాచానని ఎవరైనా ఊరంతా చెప్పుకుంటారా?

ప్లాస్టిక్ కింద నా తెలుపు మసకబారింది. పొర మీది లేత గీతలు నా తెలుపు కంటే తెల్లగా తేలాయి. తెలుపుని మించిన తెలుపు ఎదురైతే పాపం ప్లగిన్ మాత్రం ఏం చేస్తుంది? లెక్క ప్రకారం జవాబిచ్చింది. మైనస్ మూడు.

ఆ జవాబు వచ్చి హైమవతి నెత్తిన పడింది. ఆమె సీతాపతి గారి ఆఖరి పరిశోధక విద్యార్థిని. ఆయన నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఈలోగా ఆయన సంతకంతో థీసిస్ వెళ్లకపోతే ఆమె ఇంకో ప్రొఫెసర్ కిందకి మారాలి. ఆ ప్రొఫెసర్‌కి వరి అంటే గిట్టదు, ఆయనవన్నీ వంకాయలే. అంటే ఇన్నేళ్ల చాకిరీ మళ్లీ మొదటికి.

"మైనస్ మూడేంటమ్మా?" అన్నారు సీతాపతి గారు కళ్లజోడు సర్దుకుంటూ. "ఈ అన్నం తింటే ఒంట్లో ఉన్న బలం కూడా పోద్దన్నమాట!"

"నవ్వకండి సార్. నాకు ఏడుపొస్తుంది."

పక్క బల్ల దగ్గర పనిచేసే భానోజీ లేచొచ్చాడు. "తప్పంతా ప్లగిన్‌దేనండి. తీసేసి మళ్లీ ఎక్కించేద్దాం, ఆయ్!"

ఎక్కించాడు. మైనస్ మూడు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు, మనదేశంలో సగం రోగాలకి అదే మందు. మైనస్ మూడు. సీతాపతి గారు స్కానర్‌ని ఈశాన్యంలోంచి జరిపించారు. శాస్త్రవేత్త కాబట్టి దాన్ని వాస్తు అనలేదు, గాలీ వెలుతురూ అన్నారు. గాలీ వెలుతురూ తగిలాక కూడా మైనస్ మూడే.

నేను గాజుపలక మీద బోర్లా పడుకుని అన్నీ వింటున్నాను. నోరుంటే ఒక్క ముక్క చెప్పేదాన్ని.

చివరికి హైమవతి ప్లగిన్‌ని తిట్టడం మానేసి, చుక్కల్నే అడగడం మొదలుపెట్టింది. మౌస్ తీసుకెళ్లి పొరలో ఖాళీచోట పెట్టింది. 248. నా తెల్లమెట్టు మీద పెట్టింది. 226. తెల్లగా ఉండాల్సింది తెల్లగా లేదు. నన్ను బయటికి తీసి చున్నీతో తుడిచింది, ట్యూబులైటు కింద వంచి చూసింది, గోటితో అంచు గీకింది.

"సార్, దీనికి లామినేషన్ ఎవరు చేయించారండీ?"

"నేనేనమ్మా!" అన్నారాయన గర్వంగా. "కొత్తది కదా, పాడైపోద్దని."

"పాడైపోయింది సార్."

భానోజీ బ్లేడు తెచ్చి అంచు లేపబోయాడు. ప్లాస్టిక్‌తోపాటు నా నలుపు కూడా లేచొచ్చింది.

"ఆగు భానోజీ! మొత్తం ఊడొచ్చేస్తుంది!"

కొత్తది తెప్పించాలంటే నెలాఖరు దాటిపోతుంది. సీతాపతి గారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన మొహం చూసి నాకే జాలేసింది.

హైమవతి నన్ను అటూ ఇటూ తిప్పి, ఉన్నట్టుండి అంది. "దీనికొక్కదానికే ఎందుకండీ ప్లాస్టిక్? పొరలకీ వేయించేద్దాం. రెండూ ఒకే మసకలో ఉంటే పోలిక సరిపోద్ది కదా?"

బలమెంతో ముందే తెలిసిన ఒక పాత పొరని అదే కొట్లో, అదే మిషన్లో పెట్టించి తెచ్చారు. స్కానర్ మూత వేసి ముగ్గురూ కంప్యూటర్ మీదకి వంగారు. రావాల్సిన అంకె వచ్చింది. ముందు మైనస్ లేదు.

హైమవతి బల్ల మీద తల వాల్చేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు గానీ భుజాలు మాత్రం తేలికగా ఊగాయి.

"ప్లగిన్ మంచిదేనండి, నేను ముందే అన్నాను కదా," అన్నాడు భానోజీ.

సీతాపతి గారు చిటికెలో కోలుకున్నారు. "అందుకేనమ్మా, ఏదైనా లామినేషన్ చేయించమంటాను!"

ఆమె మిగతా పొరలకీ వేయించింది. జరిగింది జరిగినట్టు థీసిస్‌లో రాసింది. రిటైరయ్యే ముందురోజు ఆయన సంతకం పెట్టారు, పెన్ను క్యాప్ జాగ్రత్తగా వెనక్కి తగిలించి.

తరవాత కొత్త అట్ట వచ్చింది. ఒంటి మీద ప్లాస్టిక్ లేదు, పుట్టినప్పటి తెలుపు. ఇక నాకు చెత్తబుట్టే అనుకున్నాను. అప్పటికి అక్కడే సైంటిస్టయిన హైమవతి దాన్ని రెండు చేతులా అందుకుని, "అబ్బ, ఎంత బాగుందో! పెద్దవాళ్లెవరైనా వచ్చినప్పుడు తీద్దాం," అని బీరువాలో పెట్టి తాళం వేసేసింది.

రోజువారీ పనికి నేనే. పొరలన్నీ జిరాక్స్ కొట్టుకి వెళ్లొస్తూనే ఉన్నాయి. బీరువా చీకట్లో దాని తెలుపు ఎవరు చూడొచ్చారు? నేను మాత్రం, మసకగానే అయినా, రోజూ కాసేపు వెలుతురు చూస్తున్నాను.