నుకుయి మాస్టారి పేరుతో వచ్చిన ఉత్తరం

బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఊరి కమ్యూనిటీ హాల్లో నుకుయి మాస్టారు కంప్యూటర్ పాఠం చెప్పేవారు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లం అందరం డెబ్బై దాటినవాళ్లమే. మనవలకు ఫోటోలు పంపడమో, రైలు టికెట్ తీసుకోవడమో నేర్పుతారనుకుని చేరాం. ఆయన మాత్రం మొదటి రోజు నుంచీ మోసాల గురించే చెప్పేవారు.

"తెర మీద ఎర్రగా ఏదో మెరిసి, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యమంటుంది. ఏం చేస్తారు?"

"భయపడతాం," అనేవాడు వడ్రంగి గుంజి.

"భయపడండి, పర్లేదు. ఫోన్ మాత్రం చెయ్యకండి. మీ పాస్‌వర్డ్ ఏం పెట్టుకున్నారు గుంజి గారూ?"

"మా కుక్క పేరు."

"అది ఊరందరికీ తెలుసు కదండీ. రోజూ వీధిలో నిలబడి అరుస్తారుగా."

"మనూళ్లో దొంగలెవరున్నారు మాస్టారూ, ఉన్నా నడవలేరు."

మేం నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవారు కాదు. "వాడు మీ ఊరు రానక్కర్లేదు. కూర్చున్న చోటినుంచే మీరే వాడికి తలుపు తీస్తారు," అనేవారు.

ఆయన మాటలన్నీ శ్రద్ధగా పాటించినది మా పక్కింటి తోకికో ఒక్కతే. అందుకు కారణం ఉంది. ఆమె పుట్టిన ఒకునారి అనే పల్లె ఇప్పుడు పైనున్న ఆనకట్ట నీళ్ల కింద ఉంది. ఊరు మునిగినప్పుడు జనం ఒసాకాకో, నగోయాకో, ఎక్కడ పని దొరికితే అక్కడికి చెదిరిపోయారు. భర్త పోయాక తోకికో వాళ్లందరినీ వెతికి పట్టుకుంది. ఒక్కొక్కరి దగ్గరా పాత ఫోటోలు తెప్పించుకుని, కంప్యూటర్‌లోకి ఎక్కించి, మళ్లీ భద్రంగా తిప్పి పంపేది. తర్వాత ఆ ఊరి ముసలివాళ్ల దగ్గరికి బస్సుల్లో వెళ్లి, ఫోటోలో ఎవరెవరో అడిగి, కంప్యూటర్‌లోని ఫోటో కిందే పేర్లు రాసుకునేది. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు, బడి మెట్ల మీద పిల్లలు, పెళ్లిలో ఎక్కువ తాగేసి నిద్రపోతున్న ఎవరి మావయ్యో. ప్రతి మొహం కిందా ఒక పేరు. ఆ పేర్లు చెప్పినవాళ్లు చాలామంది ఈపాటికి లేరు.

"ఇదంతా ఒక్కచోటే ఉంచకండి," అని మాస్టారు ఆమెతో విడిగా ఇంకో డిస్కు కొనిపించారు. "కాపీ అయ్యాక తీగ పీకేసి బీరువాలో పెట్టండి, లేకపోతే దొంగ దాన్లోకీ దూరతాడు." కొన్నాళ్లు అలాగే చేసింది. చలికాలంలో వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి, తీగ పీకడం, పెట్టడం కష్టమైంది. అప్పటినుంచి డిస్కు కంప్యూటర్‌కే వేలాడుతూ ఉండేది.

వర్షాలు మొదలైన రోజుల్లో మాస్టారి భార్య యసుఎ ఆసుపత్రిలో చేరింది. కడుపులో గడ్డ, ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ తర్వాత జరిగింది మాకు ఎంతో ఆలస్యంగా తెలిసింది గానీ, కథ తెలియాలంటే ఇక్కడే చెప్పాలి. ఒకరోజు ఉదయం ఆయనకు ఆసుపత్రి పేరుతో మెయిల్‌లో ఉత్తరం వచ్చింది. పరీక్ష ఫలితం చూడాలంటే మీ మెయిల్ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రండి అని. అలాంటివే ప్రతి బుధవారం గోడ మీద వేసి మాకు చూపించిన మనిషి, తనే పాస్‌వర్డ్ కొట్టాడు. ఏమీ తెరుచుకోలేదు. మధ్యాహ్నం ఆసుపత్రికి ఫోన్ చేస్తే, మేం ఇలాంటి సంగతులు మెయిల్‌లో పంపమండీ అన్నారు.

ఏం చెయ్యాలో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు మా ఊళ్లో లేరు. పాస్‌వర్డ్ మార్చాలి. తనకు ఉత్తరాలు రాసేవాళ్లందరికీ, నా పేరుతో ఏదొచ్చినా తెరవకండి అని చెప్పాలి. మొదటిది చేశారు. రెండోది చెయ్యలేదు. మార్చేశాను కదా, ఇక చాల్లే అనుకున్నారట.

ఆ బుధవారం కూడా పాఠానికి వచ్చారు. మొహం పీక్కుపోయి ఉంటే ఆసుపత్రి తిరుగుడు అనుకున్నాం. గుంజి మామూలుగానే గిల్లాడు. "మాస్టారూ, నిజం చెప్పండి. మీరెప్పుడైనా ఈ దొంగలకి దొరికిపోయారా?"

"నాకింకా మతి ఉంది," అన్నారాయన, పుస్తకం సర్దుకుంటూ.

కానీ పాస్‌వర్డ్ మార్చేలోపే దొంగలు ఆయన ఉత్తరాలన్నీ తోడుకుపోయారు. రెండు వారాలకు తోకికోకు ఒక ఉత్తరం వచ్చింది. పైన నుకుయి మాస్టారి పేరు. కింద, అంతకుముందు వాళ్లిద్దరూ ఫోటోల గురించి రాసుకున్న మాటలే. మధ్యలో ఒక ముక్క: వచ్చేవారం పాఠం కాగితాలు జతచేశాను, చూసి రండి. పంపిన చిరునామాలో ఒక అక్షరం తేడా ఉంది. అది తర్వాత పోలీసులు చూపిస్తేనే మాకూ కనిపించింది.

అనుమానం వస్తే ముందు ఫోన్ చేసి అడగండి అన్నది ఆయన నేర్పిన మాటే. తోకికో చేసింది. అప్పుడాయన భార్య మంచం పక్కన ఉన్నారు, ఎత్తలేదు. మాస్టారు పంపినదాన్నే అనుమానిస్తే బాగుండదనుకుని ఆమె ఆ కాగితం తెరిచింది.

ఆమె నన్ను పిలిచిన పిలుపు వంటింటి కిటికీలోంచి వినబడింది. వెళ్లి చూస్తే తెర మీద ఒక్క ఫోటో తెరుచుకోవడం లేదు. అన్నిటికీ అర్థంలేని పేర్లు. అన్నిటికీ తాళం వేశాం, డబ్బు కట్టి తాళంచెవి తీసుకోమని ఎవరో తప్పుల భాషలో రాశారు. వేలాడుతున్న డిస్కులోనూ అదే.

మాస్టారు పరుగున వచ్చారు. తెర చూశారు, తర్వాత ఆ ఉత్తరం చూశారు. తోకికో నేలమీద మోకాళ్లపై కూర్చుని, తల చాపకు ఆనేలా వంగింది.

"క్షమించండి మాస్టారూ. ఇన్నిసార్లు చెప్పారు. తీగ కూడా పీకమన్నారు. నా బుద్ధిలేనితనం వల్ల మీ పేరు కూడా పాడయింది."

ఆయన, "లేవండి, ముందు లేవండి," అన్నారు. అంతే అన్నారు.

ఆ యంత్రాన్ని తీసుకెళ్లి తెలిసినవాళ్లందరికీ చూపించారు. పోలీసులు డబ్బు కట్టొద్దన్నారు, కట్టినా వస్తాయన్న నమ్మకం లేదన్నారు. ఒక్క ఫోటో కూడా తిరిగి రాలేదు. తోకికో పాఠానికి రావడం మానేసింది. "ఏ మొహం పెట్టుకుని అక్కడ కూర్చోను, హమాయో," అనేది నాతో. కిటికీ తెర కూడా తీసేది కాదు. నేను వండుకెళ్లిన పులుసు గిన్నె మూత తియ్యకుండానే గడప మీద ఉండేది.

నేను ఉండబట్టలేక పాఠంలోనే మాస్టారితో అన్నాను. "ఒకసారి వెళ్లి ఆమె తప్పేం లేదని చెప్పండి. మీ మాటైతే వింటుంది."

ఆయన గోడ మీద బొమ్మ ఆర్పేశారు. నిలబడే చెప్పారు, ఆసుపత్రి ఉత్తరం మొదలుకుని అంతా. గొంతు ఎక్కడా పెంచలేదు. "మీ ముందు నవ్వులపాలు కాలేకపోయాను," అన్నారు చివర్లో.

గుంజి ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగాడు. "ఆ రోజు నేను అడిగాను కదా మాస్టారూ. ఆ ఒక్క ముక్క అప్పుడే చెప్పుంటే?"

ఆయన పుస్తకం మూసేశారు. అక్కణ్నుంచి నాతోపాటు తోకికో ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి మళ్లీ అంతా చెప్పారు. తోకికో వింది. ఏడవలేదు.

"ఆ రోజు మీ ముందు తల నేలకానించాను," అంది. "మీకు తెలిసుండీ ఆనించనిచ్చారు."

తలుపు మూసింది. ఆయన చాలాసేపు బయటే వానలో నిలబడ్డారు. యసుఎ ఆకులు రాలే కాలం దాటకుండానే పోయింది. మేమంతా వెళ్లాం, తోకికో కూడా వచ్చి అగరొత్తి వెలిగించింది. ఆయనతో మాట్లాడలేదు. పాఠం మళ్లీ మొదలవలేదు.

ఒకునారి వాళ్లలో బతికున్నవాళ్లు, సంగతి తెలిసి మళ్లీ ఫోటోలు పంపడం మొదలుపెట్టారు. అన్నీ రావు. కొందరు పోయాక వాళ్ల ఇళ్లు ఖాళీ చేసినవాళ్లు ఆల్బమ్‌లు కూడా పారేశారు. వచ్చినవాటిని తోకికో బల్లమీద పరిచి, భూతద్దంతో చూస్తుంది. మొన్న నేను వెళ్లేసరికి బడి మెట్ల ఫోటో ముందు కూర్చుని ఉంది. ముందువరసలో కొందరి పేర్లు రాసింది. వెనకవరసలో పొట్టి జుట్టు పిల్ల దగ్గర ఆగిపోయింది.

"ఈ పిల్ల పేరు నాకు ఒకావిడ చెప్పింది," అంది. "ఆవిడ గొంతు కూడా గుర్తుంది. పేరే గుర్తురావట్లేదు."

తర్వాత పెన్సిల్‌తో ఆ మొహం కింద 'తెలియదు' అని రాసి, పక్కనున్న పిల్ల మీదికి భూతద్దం జరిపింది.