ఫ్లెక్సీలో మనిషి

మా ఆయన అయ్యప్ప పెద్దకర్మకి ఫ్లెక్సీ కట్టిస్తానని రాజకుమార్ గారు బందరు నుంచి పెడనలో మా ఇంటికి వచ్చారు. ఫోటో కింద 'బాక్సింగ్ లెజెండ్' అని వేయిస్తారట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం చేశాడని లెజెండ్ అన్నయ్యగారూ? తాగి తాగి లివరు పాడుచేసుకుని పోయినందుకా?"

ఆయనా, మా ఆయనా కుర్రతనంలో బందరులో ఒకే చోట బాక్సింగ్ నేర్చుకున్నారు. గుడివాడలో జరిగిన రాష్ట్ర పోటీల ఫైనల్లో మా ఆయన రాజకుమార్ గారిని రెండో రౌండులోనే పడగొట్టాడు. జాతీయ పోటీలకి ఎంపికయ్యాడు. తీరా విజయవాడలో రైలెక్కాల్సిన రోజున స్నేహితులతో పామర్రులో బస్సు దిగి, బ్రాందీషాపులో కూర్చుండిపోయాడు. రైలు వెళ్ళిపోయింది. రిజర్వుగా జట్టుతో వెళ్ళిన రాజకుమార్ గారు మా ఆయన బదులు ఆడి పతకం తెచ్చుకున్నారు. రైల్వేలో ఉద్యోగం కూడా వచ్చింది.

మా ఆయన కలంకారీ అద్దకం బల్ల దగ్గరికి చేరాడు. అచ్చును గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే రంగు సమంగా దిగేది. పక్క బల్లలవాళ్ళు పని ఆపి మరీ చూసేవారు. తాగుడు ముదిరాక ఆ చెయ్యి వణికింది. పువ్వొకచోట, దాని రంగొకచోట పడుతుంటే యజమాని ఆయన్ని అద్దిన గుడ్డలు ఉతికే పనిలోకి మార్చాడు. కాలవలో మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డ మనిషిని చూస్తే జాలేసేది. అదే మనిషి ఇంటికొచ్చి గోడలు గుద్దుతుంటే అసహ్యం వేసేది.

"చాలామందితో ఆడాను చెల్లెమ్మా. వాడి ఎడమచేతి దెబ్బ లాంటిది మళ్ళీ ఎక్కడా తినలేదు," అన్నారు రాజకుమార్ గారు. "నా పతకం చూసినప్పుడల్లా ఇది వాడిదే కదా అనిపిస్తుంది."

"మీరు రైలెక్కారు, ఆయన ఎక్కలేదు. పతకం మీదేనండీ."

"పోనీ, పాప కోసమన్నా వేయించనివ్వమ్మా."

మా యశస్వినికి పదమూడేళ్ళు. బళ్ళో దాన్ని తాగుబోతు అయ్యప్ప కూతురంటారు. ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజులు బోలెడు. ఒక్కరోజైనా దాన్ని ఇంకో మాటతో పిలుస్తారేమోనని నాకు ఆశ పుట్టింది. అది అబద్ధమైనా సరేననుకున్నాను.

"వేయించండి," అన్నాను.

కర్మనాడు ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. గుడివాడలో గెలిచిన సాయంత్రం తీసిన ఫోటో అది. చేతులకి గ్లవుజులు, నిండైన భుజాలు, మొహం నిండా నవ్వు. వచ్చినవాళ్ళంతా ఆగి చూసి, ఎంత బావుండేవాడో అనుకుంటూ భోజనాలకి వెళ్ళారు.

యశస్విని మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. మురిసిపోతోందేమోననుకుని దగ్గరికి వెళ్ళాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అమ్మా, ఈయన మనింటికి ఒక్కసారైనా వచ్చాడా?"

దాన్ని దగ్గరికి లాక్కున్నాను.

"వచ్చాడే. నా పెళ్ళిచూపులకి వచ్చింది ఈయనే. ఈయన్ని చూసే నేను ఒప్పుకున్నాను."