జర్మనీ పాస్టరు, మా జిన్నింగ్ మిల్లు

కోమల చున్నీ బెల్టుకు చిక్కినప్పుడు నేను ఆమెకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. దూది పొడి ముక్కులోకి పోకుండా మేమంతా మూతికి చున్నీలు చుట్టుకుంటాం. ఆ మధ్యాహ్నం మూడో మిషన్ కింద ఇరుక్కున్న పత్తిని లాగడానికి ఆమె వంగింది. చున్నీ కొసను బెల్టు పట్టుకుంది. ఒక్క అరుపు వినబడింది. రెండోది రాలేదు.

"మిషన్ బంద్ చెయ్యిన్రి! బంద్ చెయ్యిన్రి!"

గొంతులు చించుకున్నాం. మిషన్లు ఆపే స్విచ్చు సూపర్‌వైజర్ భానుప్రసాద్ గదిలో ఉంటుంది. గదికి తాళం. ఆడవాళ్లు మాటిమాటికీ ఆపుతున్నారని ఆ సీజన్ మొదట్లోనే స్విచ్చును లోపలికి మార్పించారు. బెల్టు మీద ఉండాల్సిన ఇనుప జాలిని కూడా అప్పుడే పీకేశారు. జాలి ఉంటే ఇరుక్కున్న పత్తి తీయడం ఆలస్యమవుతుందట.

భానుప్రసాద్ గేటు దగ్గర లారీ డ్రైవరుతో మాట్లాడుతున్నాడు. కోమల తల్లి ఐలవ్వ కూడా మా వరుసలోనే పనిచేస్తుంది. ఆమె ఉరికిపోయి అతని చొక్కా పట్టుకుంది.

"బిడ్డ సస్తున్నది సారూ, తాళం తియ్యి!"

అతను ముందు చొక్కా విడిపించుకున్నాడు. ముడత సరిచేసుకున్నాడు. తర్వాత నడిచి వచ్చాడు. పరుగెత్తలేదు. అది నేను కళ్లారా చూశాను.

కోమలకు ఇరవై మూడేళ్లు. మెడ విరిగింది. తల మీది చర్మం జుట్టుతో సహా సగం ఊడి షాఫ్టుకు చుట్టుకుంది. ఐలవ్వ దాన్ని చేతులతో విప్పి కొంగులో కట్టుకుంది. శవాన్ని పత్తి ట్రాలీలో వేసి, తాటిపత్రి కప్పి బస్తీకి పంపారు. నేల కడగమన్నారు. కడిగింది నేనే. నా పేరు వినోద. గంట తిరగకముందే మిషన్లు తిరిగాయి. రక్తం అంటిన దూదిని ఏరి పక్కన పడేసి, మిగిలినదాన్ని బేలు కట్టించారు.

మా మిల్లు యజమాని జగన్మోహన్‌రావుది సుల్తానాబాద్ వైపు భూస్వాముల కుటుంబం. ఆదిలాబాద్‌లో మిల్లు పెట్టి ఇరవై ఏళ్లయింది. మా నలభై గుడిసెలూ, వాటి మధ్యనున్న రేకుల చర్చీ ఆయన జాగాలోనే ఉన్నాయి. సాయంత్రం ఆయన మా పాస్టరు అంబదాస్ అయ్యగారిని ఆఫీసుకు పిలిపించి ఒక కాగితం ముందు పెట్టాడు. కోమల ఆ మిల్లులో పనిచేసేది కాదని, తల్లికి సద్ది తెచ్చి, వద్దన్నా వినకుండా మిషన్ దగ్గరికి పోయిందని అందులో రాసి ఉంది. కింద సాక్షి సంతకం కావాలి.

అయ్యగారు పెట్టాడు.

ఈ సంగతి ఆయన భార్య మమతారాణి నోటనే బయటపడింది. ఐలవ్వను పట్టుకుని ఏడుస్తూ చెప్పేసింది. చీకటి పడేసరికి ఐలవ్వ వాకిలి నిండిపోయింది. అయ్యగారు తల వంచుకుని గోడకానుకుని కూర్చున్నాడు.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. అంబదాస్ అయ్యగారు సికింద్రాబాద్‌లో చదువుకునేటప్పుడు జర్మనీ దేశపు లూథరన్ పాస్టరు ఒకాయన గురించి తెలుసుకున్నాడు. హిట్లరు మనుషుల్ని ఏరి చంపుతుంటే అక్కడి చర్చిలు చాలావరకు నోరు మూసుకున్నాయి. ఈయన మూసుకోలేదు. అమెరికాకు పోయి క్షేమంగా ఉండగలిగీ, మళ్లీ ఓడెక్కి తన జనం దగ్గరికి వచ్చాడు. దెబ్బలు తిన్నవాళ్లకు కట్టు కట్టడంతో సరిపోదని, కొట్టే చేతినే ఆపాలని నమ్మాడు. పశ్చాత్తాపం లేనివాడికి ఊరికే పంచే క్షమాపణ దేవుడిది కాదన్నాడు. చివరికి ఉరితీశారు. ఏటా ఒక ఆదివారం అయ్యగారు ఈ కథ చెప్పేవాడు. మేము మిల్లులో మళ్లీ చెప్పుకునేవాళ్లం. చర్చి గడప తొక్కని హమాలీలకు కూడా ఆ కథ వచ్చు.

ఆ హమాలీల పెద్ద రాయమల్లు లేచాడు. కార్మిక సంఘం మనిషి. దేవుడి మాటెత్తితే నవ్వేవాడు. ఆ పూట నవ్వలేదు.

"అయ్యగారూ, నేను గుడికి పోను, చర్చికి రాను. కని ఒక్కటడుగుత. గా జర్మనీ పాస్టరు ముంగట గిసువంటి కాగితం పెడితే ఆయన సంతకం చేసెటోడా?"

"చర్చి కూలగొడ్తనన్నడు రాయమల్లన్నా. నలభై ఇండ్లు ఖాళీ చేపిస్తనన్నడు. మీ కోసమే పెట్టిన."

"మా పేరు జెప్పకు!" మిల్లులో అందరికంటే పాత మనిషి కిష్టవ్వ గర్జించింది. "గా జర్మనీ చర్చిలోళ్లు గూడ గదే అన్నరని నువ్వే చెప్పినవ్ గద. చర్చి బతకాలె, అందుకే నోరు మూసుకుంటున్నమన్నరని. గా నోరు మూసుకున్నోళ్లల్ల ఒక్కని పేరన్న నీకు యాదున్నదా?"



"ఇండ్లు పోతే ఏడుండాలె మరి?" అని వెనక నుంచి హనుమండ్లు అడిగాడు. ముగ్గురు పిల్లల తండ్రి. "మీరు జిద్దు చేస్తరు, రేపు నా పోరగాండ్లు రోడ్డు మీద పండాలె. సచ్చినామె ఎట్లాగూ సచ్చిపాయె."

"రేపు నీ పెండ్లాం వంగుతది గా మిషన్ కింద," అన్నాడు రాయమల్లు. "అప్పుడు గూడ గిదే మాటంటవా?"

ఇద్దరూ కలబడబోయారు. ఆడవాళ్లం మధ్యకు పోయాం. ఆ గోలలో ఐలవ్వ అయ్యగారి ముందు కూర్చుంది. కొంగు మూట ఇంకా ఒళ్లోనే ఉంది.

"నా బిడ్డ మిల్లుల ఏం పని చేస్తుండెనో నీకు ఎర్కనా లేదా అయ్యగారూ?"

"ఎర్కే ఐలవ్వా."

"మరి గట్లెట్ల రాసినవ్?"

"భయమైంది."

ఆమె మూటను దగ్గరికి లాక్కుంది. ఆయన లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు చర్చిలో శవపేటిక ముందు జగన్మోహన్‌రావు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెద్ద దండ తెచ్చాడు. పక్కన భానుప్రసాద్. పగలు మరిచి ఒకరినొకరు క్షమించుకోవాలని ప్రసంగం చెయ్యమని ముందే కబురు పంపాడట. అయ్యగారు బైబిలు తెరవలేదు.

"నిన్న నేను అబద్ధం మీద సంతకం పెట్టిన," అన్నాడు. "కోమల నాలుగేండ్లు గీ మిల్లుల పని చేసింది. బెల్టు మీది జాలి తీపిచ్చింది దొర. స్విచ్చుకు తాళమేపిచ్చింది దొర. క్షమించుమని చెప్పుమన్నడు నన్ను. తప్పు ఒప్పుకోనోనికి, రేపు ఇంకొకరిని సంపబోయెటోనికి దేవుని పేరు మీద క్షమాపణ నేనియ్య. నా తప్పు నేను ఒప్పుకుంటున్న. ఎస్పీ దగ్గర గూడ చెప్త."

జగన్మోహన్‌రావు లేచాడు. అరవలేదు. "అంబదాస్, నీ నెత్తి మీద రేకులు ఎవరియో మర్చిపోయినవ్," అని బయటకు నడిచాడు.

శవాన్ని శ్మశానానికి తీసుకుపోలేదు. ఐలవ్వ ముందు నడిస్తే మిల్లు గేటుకు మోసుకుపోయాం. బెల్టులకు జాలీలు పెట్టాలి, స్విచ్చు చేతికందేట్టు ఉండాలి, యజమాని మీద కేసు కట్టాలి. ఇవి తేలేదాకా పేటిక లేవదన్నాం. హమాలీలు లారీలు ఆపారు. హనుమండ్లు రానన్నాడు. పొద్దు వాలేటప్పుడు పిల్లలతో సహా వచ్చి మా వెనక కూర్చున్నాడు.

రెండో రోజు పోలీసులు లాఠీలతో వచ్చి పడ్డారు. కిష్టవ్వ మోకాలి చిప్ప పగిలింది. పేటిక కింద పడి మూత ఊడింది. కూతురి ముఖం కనబడకుండా ఐలవ్వ మీద పడుకుంటే ఆమె వీపు మీద కొట్టారు. ముప్పై ఒక్కమంది ఆడవాళ్లను, రాయమల్లును, అయ్యగారిని పట్టుకుపోయారు. మేము వ్యానులో ఉండగానే జేసీబీ చర్చిని తొక్కేసింది. మమతారాణి దాని ముందు నిలబడితే జుట్టు పట్టి ఈడ్చి పారేశారు. కోమలను ఆ సాయంత్రం పోలీసులే పూడ్చారు. తల్లికి చూపించలేదు.

స్టేషన్‌లో సీఐ నన్ను ముందు నిలబెట్టాడు.

"ఎవడే మీకు గివన్ని నేర్పింది? పేరు చెప్పు."

"జర్మనీ పాస్టరు కథ ఉన్నది సార్, గది ఇన్నం."

ఆయన రైటరు వైపు తిరిగాడు. "రాస్కో. విదేశీ హస్తం." మళ్లీ నా వైపు చూశాడు. "యాడుంటడు వాడు? ఫోన్ నంబర్ చెప్పు."

"సచ్చిపోయిండు సార్. ఎనభై ఏండ్లాయె. ఉరితీసిన్రు."

"ఎందుకు?"

"గా సర్కారు మనుషులను సంపుతుంటె ఊకోలే సార్."

చెంప పగలగొట్టాడు. పక్క గదిలోంచి అయ్యగారి అరుపులు వినబడుతున్నాయి. దొర ముందు సంతకం చేసిన కాగితమే నిజమని మళ్లీ చెప్పమంటున్నారు. కొంతసేపటికి అరుపులు ఆగిపోయాయి. లొంగిపోయాడేమోనని నాకు భయమేసింది. ఆ భయం పడినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆయన లొంగలేదు. దవడ విరిగింది.

మర్నాడు కోర్టులో జడ్జి ఆయనను అడిగాడు. "పోలీసులు కొట్టారా?"

అయ్యగారు నోరు తెరవబోయాడు. నెత్తురు, చొంగ కలిసి చొక్కా మీద కారాయి. మాట రాలేదు.

"జీపు దిగంగ పడ్డడు సార్," అన్నాడు సీఐ.

జడ్జి అదే రాయడానికి కలం తీసుకున్నాడు. అప్పుడు వెనక వరుసలోంచి ఐలవ్వ ముందుకొచ్చింది. ఆఫీసర్ల ముందు ఏనాడూ నోరు విప్పని మనిషి. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెడితే తోసేసింది.

"ఆయన దవడనే ఇరిగింది సారూ. మాయి ఇరగలే. మేం చెప్తం, రాసుకో. కొట్టినోళ్ల పేర్లు ఒక్కొక్కటి చెప్తం."

ముప్పై ఒక్కమందిమి ఒక్కసారే మొదలుపెట్టాం. "సైలెన్స్" అని జడ్జి బల్ల చరిచాడు. ఎవరూ ఆగలేదు. పేర్లు రాసుకునేదాకా ఆగలేదు. రాసుకున్నాకే మా అందరికీ పద్నాలుగు రోజుల రిమాండ్ వేశాడు.

బయటకు తెచ్చేసరికి కోర్టు రోడ్డు నిండా ఆడవాళ్లు. వేరే మిల్లుల వాళ్లు. మూతులకు చున్నీలు అట్లాగే ఉన్నాయి, తలల మీద దూది పింజలు. మేము చాలామందిని ఎరగం. మరాఠీ మాట్లాడేవాళ్లు కూడా ఉన్నారు. వ్యాను కదలకుండా చక్రాల ముందు కూర్చున్నారు. ఇరవై మందిని అక్కడే కొట్టి లాగేశారు. ఆ జాగాలో మరో యాభై మంది కూర్చున్నారు.

ఆ రోజు ఆదిలాబాద్‌లో మా మిల్లుతో సహా పదకొండు మిల్లులు నడవలేదు. పన్నెండోది నడిచింది.

నిన్న మేము బెయిలు మీద బయటికొచ్చాం. అయ్యగారు ఇంకా లోపలే ఉన్నాడు. ఆ పన్నెండో మిల్లును కూడా ఆపడానికి దాని గేటుకే ఇప్పుడు పోతున్నాం.