గంగులప్ప చేతి రంగు

గంగులప్ప నూలు చిలపను కర్రకు తగిలించి పసుపు రంగు తొట్టిలో ముంచాడు, తిప్పాడు, పైకి లేపి పిండాడు. మునుపైతే ఒక్క మెలికకే నీళ్లన్నీ దిగిపోయేవి. ఇప్పుడు ఎంత పిండినా బొట్లు బొట్లుగా కారుతూనే ఉన్నాయి.

నగరి మగ్గాల వాళ్లకు ఆయన అద్దకమంటే గురి. చీర చిరగాలే గానీ రంగు పోదనేవాళ్లు. ఆ రంగే ఇంటిల్లిపాదినీ ఏమార్చింది. పోయిన ఆడికృత్తికకు, సుబ్రమణ్యస్వామి పండగకు ముందు, పసుపు నూలుకు గిరాకీ. చేతులు పచ్చబడితే రంగేలే అనుకున్నారు. ఒళ్లంతా దురద పుడితే రంగుపొడి పడలేదనుకున్నారు. భార్య కుప్పమ్మ రోజూ సీకాయపొడితో రుద్ది రుద్ది కడిగేది. చివరికి, కాన్పుకొచ్చిన కూతురు భువనేశ్వరి ఆయన మొహంలోకి చూసి, "నాయనా, కండ్లకు గూడా రంగు అద్దుకున్నావా?" అని నవ్వబోయి ఆగిపోయింది.

కామెర్లని నేలఉసిరి పసరు తాగించారు. తగ్గలేదు. తిరుపతి ఆసుపత్రిలో స్కాన్ తీసి, పిత్తం దిగే నాళంలో క్యాన్సర్ అన్నారు. కాలేయంలోకి పాకింది, కోసి తీసే వీల్లేదు. నోటి గుండా సన్నటి గొట్టం పంపి నాళంలో అమర్చారు. పచ్చదనం తగ్గింది, దురద పోయింది. విడతలుగా మందు ఎక్కిస్తూ వచ్చారు.

ఈ పొద్దు మళ్లీ చలిజ్వరం. కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. గొట్టం పూడిపోయిందేమో, వెంటనే తీసుకురమ్మన్నారు డాక్టరు. ఆటో వచ్చేలోగా ఒక్క చిలప ముంచుతానని ఆయన మొండికేశాడు.

"రంగే అనుకుంటినే, పాపిష్టిదాన్ని. అప్పుడే సూసుంటే..." కుప్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నా ఒళ్లు నాకే తెలీలా, నీకేం తెలస్తాదే? మన పెండ్లిలో మీయమ్మ నా చేతులు సూసి, పెండ్లికొడుక్కి నలుగు బలే పట్టిందని మురిసిపోలా?"

ఏడుస్తూనే కుప్పమ్మ నవ్వేసింది.

భువనేశ్వరి చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. పిల్లకు తెల్ల చొక్కా. గంగులప్ప అలవాటుగా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. భువనేశ్వరి చిన్నప్పుడూ అంతే. ఎత్తుకోమంటే గౌనుకు రంగంటుతుందని మోచేతులతో ఎత్తుకునేవాడు.

"ఎత్తుకో నాయనా."

"అంటితే పోదమ్మా."

"పోకపోతే పోకపోనీలే."

తడిచేతులతోనే అందుకున్నాడు. పిల్ల మీసం పట్టి లాగింది. ఆటో హారన్ కొట్టేదాకా దించలేదు.

మూడోనాడు ఆయన్ని అదే దారిన తెల్లగుడ్డ కప్పి తీసుకొచ్చారు.

కర్మలయ్యాక కుప్పమ్మ పిల్ల గుడ్డలు ఉతికి దండెం మీద ఆరేసింది. తెల్ల చొక్కా వీపున ఐదు వేళ్లూ పచ్చగా అలాగే ఉన్నాయి.