కళ్లు మూసిన ఫొటోలు

పిల్లికూనలు నిద్రపోతున్నప్పుడే ఫొటో తీయాలని వెర్లిన్‌కు ఎవరూ నేర్పలేదు. ఆ ఊళ్లో ఆన్‌లైన్‌లో కూనలు అమ్మేవాళ్లంతా అలాగే తీస్తారు. కళ్లు తెరిస్తే పాలనీలం రంగు కనిపించి, నెల కూడా నిండలేదని తెలిసినవాళ్లు పట్టేస్తారు. అమ్ముతాం అని రాస్తే సైటువాళ్లు తీసేస్తారు కాబట్టి "మంచి ఇంటికి ఇస్తాం, చిన్న ఫీజు" అని రాయాలి. వయసు రెండు నెలలనాలి. ఇంటికి రానిస్తే ఇంకా పాలిస్తున్న తల్లి కనపడుతుంది, అందుకని దాణా కొట్టు ముందు కార్లు ఆపే చోటికి రమ్మనాలి. పని కాగానే ప్రకటన చెరిపేయాలి.

వెర్లిన్ అన్నీ పద్ధతి ప్రకారమే చేశాడు. చక్రాల ఇళ్లు వరసగా ఉండే ట్రైలర్ పార్కులో అతనుండేది, దాని మేనేజరు హోబర్ట్ పెట్టిన గడువు అలాంటిది. "ఒక పిల్లికి ఒప్పుకున్నాగానీ సంతకి కాదు. శనివారానికి అవైనా పోవాలి, నువ్వైనా పోవాలి" అన్నాడు. పనిచేసే మిల్లు మూతపడ్డాక వెర్లిన్‌కు తలదాచుకోవడానికి ఆ ట్రైలర్ తప్ప దిక్కులేదు. అతని పిల్లి పెట్టిన ఐదు కూనలూ ఒక్క మధ్యాహ్నంలో వెళ్లిపోయాయి.

తల్లి పేరు పెన్నీ. సోఫా కిందా, బూట్లలోనూ, బట్టలుతికే మిషన్ వెనకా వెతికింది. అరిచి అరిచి గొంతు పోయింది. ఆ తర్వాత నోరు తెరిచేది, శబ్దం వచ్చేది కాదు. పాలు గడ్డకట్టి పొట్ట రాయిలా అయింది. చెయ్యి వేస్తే కాలిపోతోంది.

వెర్లిన్ పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. కూనలెక్కడని ఆవిడ అడిగింది. అమ్మేశానని చెప్పి, వాటి వయసూ చెప్పాడు.

"అవి సొంతంగా తినలేవయ్యా. గిన్నెలో ఆవుపాలు పోసుంటారు, విరేచనాలు పట్టుకుని పోతాయి. వాటికి తల్లే మందు, తల్లికి అవే మందు. ముందు వాటిని తెచ్చుకో, ఆ తర్వాత దీన్ని నా దగ్గరికి పట్టుకురా."

ఎవరినడిగి తెచ్చుకోవాలి? ప్రకటన చెరిపినప్పుడు కొన్నవాళ్ల మెసేజీలూ దానితోపాటే పోయాయి. వాళ్ల పేర్లు ఇతను అడగలేదు, ఇతని పేరు వాళ్లు అడగలేదు. ఈ వ్యాపారంలో అదే మర్యాద.

ఇక మిగిలింది ఫోన్‌లో ఊరివాళ్ల గ్రూపు. అందులో చర్చివాళ్లున్నారు, మిల్లులో కలిసి పనిచేసినవాళ్లున్నారు, హోబర్ట్ ఉన్నాడు. వెర్లిన్ రాసి చెరిపాడు, మళ్లీ రాశాడు. పెన్నీ అతని మణికట్టు మీద తల ఆనించింది. ఆ వేడికి ఇక ఆలోచించడం మానేశాడు.

"దాణా కొట్టు దగ్గర కూనలు తీసుకున్నవాళ్లకి. రెండు నెలలని నేను చెప్పింది అబద్ధం. నెల కూడా లేదు. తల్లిపాలు లేకపోతే చచ్చిపోతాయి. తల్లి కూడా జ్వరంతో ఉంది. దయచేసి తీసుకురండి, అక్కడే ఉంటాను. వెర్లిన్ స్టోవల్."

పెన్నీని అట్టపెట్టెలో పడుకోబెట్టి, దాణా కొట్టు ముందు ట్రక్కులో హీటరు వేసుకుని కూర్చున్నాడు. జవాబులు వచ్చాయి. నిన్నూ పుట్టగానే అమ్మేసుంటే పీడా పోయేదని ఒకడు రాశాడు. తల్లిని ఎంతకిస్తావని ఇంకొకడు. మా కూనకేం, పాలు తెగ తాగుతోందని ఒకావిడ. ఏం పాలని వెంటనే అడిగాడు. ఆవిడ మళ్లీ పలకలేదు.

సాయంత్రం కాకముందే లొరేటా అనే పెద్దావిడ వచ్చింది. ఊలు టోపీలో బూడిదరంగు కూన, తల నిలబెట్టలేకపోతోంది.

"మనవరాలు బళ్లో ఉండగా తెచ్చా. వచ్చి అడిగితే ఏం చెప్పను?"

"నేనొచ్చి చెప్తానమ్మా."

"నువ్వు చెప్పిందే కదయ్యా నమ్మింది."

పెన్నీ దాన్ని మెడ పట్టి పెట్టెలోకి లాక్కుంది. తోలు ఊడొస్తుందేమో అన్నంత గట్టిగా నాకింది. కూన మూతి పొట్ట మీద నుంచి జారిపోతూనే ఉంది. వెర్లిన్ వేలితో తల ఎత్తి పట్టుకుని, ఒక్క చుక్క పాలు పిండి దాని పెదవులకు రాశాడు. మళ్లీ రాశాడు. ఎంతసేపటికో దవడ కదిలింది. లొరేటా మొహం పక్కకు తిప్పుకుంది.

ఫోన్ మోగింది. హోబర్ట్ మెసేజీ. "వదిలించుకోమంటే వెనక్కి తెస్తున్నావా? అయితే ట్రైలర్ తాళాలిచ్చేసి పో."

వెర్లిన్ ఫోన్ సీటు మీద పడేశాడు. డాక్టరమ్మ ఆస్పత్రి మూసే వేళవుతోంది. వెళ్దామంటే, ఈలోపు ఎవరైనా కూనను తెచ్చి, ఖాళీ చోటు చూసి తిరిగిపోతారేమోనని భయం.

"నువ్వు పోవయ్యా, నేనుంటాను" అంది లొరేటా.

అతను ట్రక్కు తాళం తిప్పబోతుండగా ఒక కారు లోపలికి మళ్లింది. పెన్నీ తల ఎత్తింది. కారులోంచి ఒకతను దిగి, దాణా బస్తా భుజానేసుకుని వెళ్లిపోయాడు. ఇంకో కారు మళ్లింది. పెన్నీ మళ్లీ తల ఎత్తింది.