మగ్గాలు ఆగిన పూట

రెండు వేల పద్నాలుగు ఫిబ్రవరి. ఆ పొద్దున ఆకాశమే కనిపించలేదు, అంత మంచు. తడికి నూలు పాడవుతుందని మగ్గానికెక్కించే పడుగు పోగులు వీధిలో ఎవరూ చాపలేదు. ఇవాళ్టికి పోటీ తప్పిందనుకున్నాను.

మా ఇంటికీ మా అన్న ఇంటికీ నడుమ ఒక్క వీధే. అక్కడ తెల్లవారగానే ముందుగా ఎవరి పడుగు చాపాలన్న దాని మీద నా భార్య లక్ష్మీనర్సమ్మకూ వదిన బిక్షమ్మకూ దసరా నుంచి మాటల్లేవు. ఈ మధ్య వదిన గుండెనొప్పితో నల్లగొండ దవాఖానలో ఉండి వచ్చింది. నర్సమ్మ వాకిలి ఊడుస్తూ ఆ గుమ్మం వైపు చూసేది. గడప మాత్రం దాటలేదు.

మధ్యాహ్నం నేను మగ్గం మీద ఉన్నాను. నర్సమ్మ రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుడుతోంది. పక్కింటి మగ్గం ఆగింది. తర్వాత ఎదురిల్లు. చూస్తుండగానే వాడంతా సద్దుమణిగింది. మా దగ్గర పీనుగ లేస్తే తప్ప పని వేళలో మగ్గాలన్నీ ఆగవు.

రాట్నం కూడా ఆగింది.

“బిక్షమ్మక్క పోయింది,” అంది.

“గట్లనకు.”

“మరి మగ్గాలు ఊకెనే ఆగినయా?”

చెప్పుల్లేకుండా ఉరికింది. వెనకే నేనూ వెళ్లాను. అన్న గుమ్మం ముందు వాడవాళ్ల చెప్పులన్నీ ఉన్నాయి. అవి చూసి ఆమె గొంతెత్తింది.

“ఓ అక్కా! నాతోని మాట్లాడకుండనే పోతివా అక్కా!”

లోపలి జనమంతా తిరిగి చూశారు. వాళ్ల నడుమ, టీవీ ముందు, మంచం మీద కూర్చుని ఉంది వదిన.

“ఎవలు సచ్చిండ్రే? శోకాలు ఆపు. ఢిల్లీల మన తెలంగాణ బిల్లు పెట్టిండ్రు. గిప్పుడే టీవీల సభ బొమ్మ బందువెట్టిండ్రు.”

వాడలో డిష్ ఉన్నది వాళ్లింట్లోనే. అందరికీ కబురు పోయింది, మాకు తప్ప.

వదిన జరిగి మంచం మీద జాగా చేసింది. నర్సమ్మ కూర్చుంది.

“పాసైతదా అక్కా?”

“కాకేం జేస్తది!”

కాసేపటికి తెర కింద అక్షరాలు నడిచాయి. బిల్లు పాసైంది. ఇల్లు దద్దరిల్లింది. మా అన్న కండువా ఎగరేసుకుంటూ వీధిలోకి ఉరికాడు.

“తెలంగాణ వస్తదని నాకెర్కనే,” అంది వదిన. “నువ్వొస్తవనుకోలె.”

“సచ్చినవనుకొని వచ్చిన.”

“బతికున్ననని మళ్ల పోకు. రేపు ఎండ గాస్తె నీ పడుగే ముందు సాపు.”

ఆ రోజు ఏ మగ్గమూ మళ్లీ ఆడలేదు. పొద్దుగూకాక నర్సమ్మ ఆ ఇంటి పొయ్యి మీదే జొన్నరొట్టెలు కాల్చింది. తోడికోడళ్లిద్దరూ ఒక్క పళ్లెంలో తుంచుకున్నారు. పక్కన అన్నా నేనూ. వీధిలో పటాకులు పేలుతున్నాయి. ఆ మోతలో మాట వినపడక, కారం కావాలన్నా చెయ్యే చాచాం.